కల్వర్టు దగ్గర ఒక్క చరుపు

ఆ కల్వర్టు పేరెత్తితే చాలు, మొనగాళ్లలాంటి లారీ డ్రైవర్లు కూడా చేతిలో టీ గ్లాసు కింద పెట్టేసేవాళ్లు.

పొలాల మధ్య కాలవ. దాని మీద పక్కగోడలైనా లేని పాత కల్వర్టు. వాన పడుతున్నప్పుడు అక్కడ బండి పోనిస్తే, వెనక రేకు మీద ఎవరో చరుస్తారు... ధబ్! ఎప్పుడో ఒక క్లీనరు వానలో దిగి, బండి వెనక నిలబడి దారి చూపిస్తూ కాలవలో కొట్టుకుపోయాడట. మనిషి దొరకలేదు. ఆ చరుపు వాడిదే. విని ఆగావో — ఎక్కేస్తాడు! అందుకే వినపడగానే యాక్సిలరేటరు తొక్కెయ్యాలని డ్రైవర్లందరి కట్టుబాటు. అలా తొక్కినవాళ్లలో కొందరు బండితో సహా కాలవపాలయ్యారు. వాడే లాగేశాడన్నారు జనం.

నాకా? భయమా? నేను స్టీరింగు పట్టిన రోజుల్లో తుఫానే హారన్ కొట్టి నన్ను దారి అడిగేది. ఓసారి అడవి మధ్య ఫ్యాన్ బెల్టు తెగితే, రోడ్డు దాటుతున్న పాముని పట్టి బిగించి ఇల్లు చేరాను. విప్పేసరికి దానికి కళ్లు తిరిగాయి, పాపం. సరే, ఇది నా కథ కాదు. మా బావమరిది కథ. వాడు చెప్పిందే చెబుతున్నా. మహా అయితే ఓ చిటికెడు ఉప్పు నాది.

వాడు బడి బస్సు నడిపేవాడు. పిల్లలు పెట్టిన పేరు నత్త. వాడి బస్సుని మేకలు దాటి పోయి, ముందు నిలబడి జాలిగా చూసేవి. పిల్లల్ని ఎక్కించి దింపడానికి ఒక ఆయమ్మ. ఆవిడ అరచేత్తో బస్సు రేకు మీద చరిచి చెప్పేది. ఒక్క చరుపు — ఆపు. రెండు — పోనీ. పిల్లాడి కాలు మెట్టు మీదుందో చక్రం కిందుందో స్టీరింగు దగ్గరికి కనపడదు కదా! చరుపే వాడికి కన్ను.

ఆ పొద్దున... చీకటి. అర్ధరాత్రి దారి తప్పి పొద్దుట్లోకి వచ్చి కూర్చున్నట్టుంది. వాన వైపర్లని మింగేస్తోంది. అయినా ఆ రోజు పెద్ద పరీక్ష, మానితే పిల్లల ఏడాది పోయినట్టే. బస్సు నిండా పిల్లలు. చివరి సీట్లో వాడి సొంత కూతురు.

"చుట్టూ తిరిగి పోదాం తమ్ముడూ, కల్వర్టు మీద వద్దు," అంది ఆయమ్మ.

"చుట్టూ పోతే పరీక్ష అయిపోతుందక్కా."

"నీ వేగానికి ఎటు పోయినా అయిపోతుందిలే!"

పిల్లలు గొల్లున నవ్వారు. ఆ తర్వాత మళ్లీ నవ్వు లేదు.

కల్వర్టు వచ్చింది. రోడ్డు మీద నీళ్లు పల్చగా, అద్దం పరిచినట్టు. అవతలి రోడ్డు కనపడుతూనే ఉంది. నత్త గేరు మార్చాడు.

ధబ్.

ఆయమ్మ వాడి పక్కనే ఉంది. చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి.

"విన్నావా?" అంది ఆవిడ. "ఆపకు... తొక్కు!"

ధబ్.

చివరి సీట్లోంచి కూతురు — "నాన్నా... బయట ఎవరో కొడుతున్నారు. ఒక్కోసారే కొడుతున్నారు..."

వాడి కాలు యాక్సిలరేటరు మీదే ఉంది. తొక్కితే దాటేస్తాడు. ఆగితే... ఆ క్లీనరు ఎక్కుతాడు. ఎక్కేది వెనకనుంచే. కూతురి పక్కకే.

ధబ్!

భయం తలలో ఉంటుంది. అలవాటు కాల్లో ఉంటుంది. ఇన్నేళ్లూ ఒక్క చరుపుకి ఆగిన కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది.

బస్సు ఆగింది. ఎవరూ ఎక్కలేదు. వాన చప్పుడు... అంతే.

ఆయమ్మ గొడుగు తీసుకుంది. "ఎక్కేవాడెవడో నన్ను దాటి ఎక్కమను!" అంది, పళ్లు టకటకా కొట్టుకుంటుంటే. హెడ్‌లైట్ల ముందుకెళ్లి గొడుగు మొనతో నీళ్లలో పొడిచింది. రోడ్డు తగిలింది. ఇంకాస్త ముందుకు వంగి పొడిచింది... గొడుగు పిడిదాకా దిగిపోయింది.

కింద కల్వర్టు లేదు. ఎప్పుడో కొట్టుకుపోయింది. పైన నీళ్లు మాత్రం ఏమీ ఎరగనట్టు నున్నగా పారుతున్నాయి.

వెనక్కి పోవాలి. ఇరుకు గట్టు, రెండు పక్కలా నీళ్లు, అద్దాల నిండా వాన. చక్రం జానెడు జారితే ఆ పిల్లలందరూ... "అక్కా, వెనక్కెళ్లి చరిచి చెప్పు!" అని అరిచి, వాడు అద్దంలోకి తల తిప్పాడు.

ధబ్ ధబ్.

పోనిచ్చాడు.

ధబ్ ధబ్... ధబ్! ఆగాడు. చక్రం సరిచేశాడు. ధబ్ ధబ్... గట్టు దాటి రాళ్ల రోడ్డెక్కేదాకా ఆ చెయ్యి ఒక్క తప్పు చెప్పలేదు.

"బతికించావక్కా..." అంటూ ముందుకి తిరిగాడు.

హెడ్‌లైట్ల వెలుగులో, ఎక్కడో దూరాన... కల్వర్టు వైపునుంచి గొడుగు ఊపుకుంటూ పరుగెత్తుకొస్తోంది ఆయమ్మ.

చుట్టుదారిన బడికి చేరారు. ప్రశ్నపత్రాలు తెచ్చే పంతులు కూడా వానలో చిక్కుకోబట్టి పరీక్ష అందింది. మెకానిక్కు బస్సు చూసి, వెనక రేకు వదులై గాలికి కొట్టుకుంది, అంతేనని తేల్చేశాడు. "మరి రేకుకి ఆపు, పోనీ తెలుస్తాయా?" అని మా నత్త అడిగితే, వాడు బోల్టు ఇంకో చుట్టు బిగించాడు.

కొత్త కల్వర్టు కట్టారు. మరుసటి వానల్లో నత్తకి జ్వరమొస్తే బస్సు నేనే తీశాను. అదే చీకటి, అదే వాన. కల్వర్టు ముందు ఆగాను. భయపడి కాదు, ఇంజనుకి కాస్త ఊపిరాడాలని! ఆయమ్మ నా పక్కనే ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. కాసేపాగి గేరు వెయ్యబోయాను.

"ఉండు మావయ్యా," అంది చివరి సీట్లోంచి నత్త కూతురు, మామూలుగా. "ఇంకా చెప్పలేదు."

బస్సు పైకప్పు మీద వాన...

ధబ్ ధబ్.

"ఇప్పుడు పోనీ."

పోనిచ్చాను. అద్దంలోకి చూశావా అంటారా? పాముని ఫ్యాన్ బెల్టుగా బిగించినవాణ్ణి, నాకు భయమేమిటి!

... చూడలేదు.