లెక్కకూ ముల్లుకూ మధ్య

నూకరత్నం పొద్దుటి వంతుకి వచ్చి కుర్చీలో కూర్చునేసరికి వాడకొకటి చొప్పున గాలి తీసిపెట్టే పన్నెండు పోగులూ నడుస్తూనే ఉన్నాయి. అలవాటు ప్రకారం వాటిని ఒక్కొక్కటే పలకరించింది. మూడో వాడ పోగు మందకొడిగా ఉంది. నిన్న అక్కడ పెళ్ళి జరిగింది, జనం ఇంకా లేవలేదన్నమాట. బడివాడ పోగు మాత్రం అప్పుడే గాలి మీద గాలి అడుగుతోంది. పిల్లలు బడికి పరుగులు పెడుతున్నట్టున్నారు. పోగుల కాపరికి ఊళ్ళో ఎవరింటికీ వెళ్ళకుండానే అందరి సంగతులూ తెలిసిపోతుంటాయి.

ఎదురుగా గోడ మీద రెండు అంకెలు వెలుగుతున్నాయి. పైది లెక్క. తొట్టిలోంచి ఇంత గాలి తీశాం, ఇంత మిగిలింది అని పోగులు తమను నడిపించే లిపిలో రాసుకునే అంకె అది. కిందది ముల్లు. అడుగున ఉన్న తొట్టి ఒత్తిడిని నేరుగా చూసి చెప్పే అంకె. రెండూ ఒకటిగా ఉన్నాయి. మేస్త్రి ఎల్లాజీని గదిలో వేసి తాళం పెట్టి, లెక్కను ముల్లుకు సరిచేసిన దగ్గర్నుంచీ ఒకటిగానే ఉంటున్నాయి.

ఈ రెండంకెలూ ఊళ్ళో ప్రతి సందు మొగలోనూ వెలుగుతుంటాయి. జనం పొద్దున్నే ముందు వాటిని చూసి, ఆ తరువాతే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ముల్లు లెక్క కన్నా తగ్గితే దాన్ని తరుగు అంటారు. తరుగు వచ్చిందంటే ఎవరో ఊపిరి దొంగిలించినట్టే. సముద్రం అడుగున ఊరు కట్టుకున్నవాళ్ళకు అంతకన్నా పెద్ద నేరం లేదు. దానికి శిక్ష పైకి పంపడం. పైన ఆ ఎండల్లో మనిషన్నవాడు బతుకుతున్నాడో లేదో ఎవరికీ తెలియదు. పంపినవాళ్ళెవరూ తిరిగి రాలేదు, తీసుకురావడానికి ఎవరూ వెళ్ళనూ లేదు. అందుకే ఆ ఊళ్ళో అనుమానం గాలితో పాటే గొట్టాల్లో వచ్చేది.

నూకరత్నం తండ్రి గవరయ్యను అలాగే పంపారు. అప్పటికి ఆమె బడివాడ పిల్ల. పైకెళ్ళే పెట్టె దగ్గర తండ్రి ఒక్కసారి ఇటు చూడమని పిలిస్తే, ఆ పిల్ల గోడ మీది అంకెల వైపు తిరిగి నిలబడింది. గోడ అబద్ధం చెప్పదని టీచర్లు నేర్పారు మరి. ఆ తరువాత తల్లీ కూతుళ్ళిద్దరూ ఇంట్లో ఆయన పేరెత్తడం మానేశారు. దొంగ కూతురికి పోగుల కాపరి పని దొరకాలంటే పదిమందికున్న అనుమానం ఆమె ఒక్కదానికే ఉండాలి. ఉండేది కూడా.

ఎల్లాజీ మీద నేరం మోపిందీ ఆమే. ఎల్లాజీ తొట్టి మేస్త్రి. తొట్టి మరలు తిప్పే తాళంచెవి, పైకెళ్ళే పెట్టెను నడిపే చెవి ఒకటే. అది అతని మొలతాడుకే వేలాడేది. పైగా గవరయ్యకు ప్రాణస్నేహితుడు. ఆమె అనుమానానికి అంతకన్నా ఏం కావాలి? మళ్ళీ తరుగు కనిపించడం మొదలయ్యాక ఆమె లిపిలోకి సాక్షిని దించింది. సాక్షి కూడా ఒక పోగే. కాకపోతే గాలి తీయదు. మిగతా పోగుల్లో ఏది పని ముగించినా దాని దగ్గరకు వచ్చి, ఏం చేసిందో చెప్పి వెళ్ళాలి. సాక్షిని పెట్టిన రోజు తరుగు లేదు. తీసిన రోజు వచ్చింది. మళ్ళీ పెడితే మళ్ళీ లేదు. చూస్తున్నంతసేపూ బుద్ధిగా ఉండి, కళ్ళు తిప్పగానే చేతివాటం చూపించేది మనిషి కాక ఇంకేమవుతుంది? సాక్షి సంగతి తెలిసింది ఆమెకూ, ఎల్లాజీకీ. అంతే.

విచారణాధికారి భుజంగరావు ఎల్లాజీని గదిలో వేసి, చెవి తన మెడలో వేసుకుని, సాక్షిని ఇక తీయవద్దని ఉత్తరువు ఇచ్చాడు. తరుగు ఆగిపోయింది. దొంగ దొరికాడని ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ఇవాళ మధ్యాహ్నం విచారణ. అంటే సాయంత్రానికి పెట్టె పైకి వెళ్ళాలి.

బడి గంట మోగాక సాక్షి ఆగిపోయింది. విన్నదంతా దాచుకునే చోటు నిండిపోయి నోరు మూసుకుంది. ఇందులో వింతేమీ లేదు. నూకరత్నం పాత మాటలు చెరిపేసే పనిలో పడి, మధ్యలో ఊరికే తలెత్తి గోడ వైపు చూసింది.

ముల్లు లెక్క కన్నా కిందికి దిగి ఉంది.

ఆమె గబగబా సాక్షిని మళ్ళీ లేపింది. తేడా అక్కడికక్కడే ఆగిపోయింది, పెరగలేదు. ఎల్లాజీ గదిలో ఉన్నాడు. చెవి భుజంగరావు మెడలో ఉంది. మరి తీసిందెవరు?

భుజంగరావు తెలివైనవాడు. కబురు అందగానే వచ్చాడు, ఆమె చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నాడు.

"అయితే ఇంకొకరున్నారన్నమాట," అన్నాడు.

"చెవి మీ దగ్గరే ఉంది కదండీ?"

"సాక్షి ఆగిపోయిన సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకేనండి."

ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచాక అన్నాడు, "నువ్వు గవరయ్య కూతురివి కదూ."

ఆయన వెళ్ళిపోయాడు. ఇన్నాళ్ళూ తను ఇతరుల వైపు చూసిన చూపు ఎలా ఉంటుందో ఆ పూటే ఆమెకు తెలిసింది. ఎల్లాజీని ఏది ఇరికించిందో అదే ఇప్పుడు ఆమెను ఇరికిస్తోంది. దొంగ లేకుండా దొంగతనం ఉండదని ఊరంతా నమ్ముతోంది. కాబట్టి ఏ రుజువు తెచ్చినా అది ఇంకొక దొంగను చూపిస్తుందే తప్ప ఎవరినీ విడిపించదు.

ఆమె లిపి తెరిచి చదవడం మొదలుపెట్టింది. ఎన్నోసార్లు చదివిందే. ఇన్నాళ్ళూ మనుషుల్ని అనుమానిస్తూ చదివింది, ఇప్పుడు లిపినే అనుమానిస్తూ చదివింది. పోగుల చదువులో మొదటి పాఠం వంతుబిళ్ళ. పోగులు ఎన్ని ఉన్నా బిళ్ళ ఒకటే. బిళ్ళ చేతిలో ఉన్న పోగే కదులుతుంది, మిగతావి నిలబడి ఉంటాయి. ఒకేసారి రెండు కదలవు కాబట్టి ఒకదాని పనిలో ఇంకొకటి వేలు పెట్టదు. ఈ మాట కాపరులందరికీ నోటికి వచ్చు. ఎవరూ దాన్ని ప్రశ్నించలేదు, ఆమె కూడా.

కానీ బిళ్ళ పని చూసి చేతులు మారదు, గడువు చూసి మారుతుంది. గడువు తీరితే పోగు పని ముగిసిందో లేదో చూడకుండా లాగేసుకుంటుంది. గాలి తీయడమంటే ఒక్క పని కాదు, మూడు. లెక్క చదవాలి, తీసినంత అందులోంచి తగ్గించాలి, మిగిలింది తిరిగి రాయాలి. ఆమె ఒక కాగితం మీద వేసి చూసుకుంది. తొట్టిలో వంద పాళ్ళున్నాయి. బడివాడ పోగు వచ్చి వంద అని చదివింది. రాసేలోపే బిళ్ళ పోయింది. మూడో వాడ పోగు వచ్చి, అదీ వంద అనే చదివి, పది తీసుకుని, తొంభై అని రాసి వెళ్ళింది. బిళ్ళ తిరిగొచ్చిన బడివాడ పోగుకు ఆ కబురు తెలియదు. తను ముందు చదివిన వందలోంచి తన ఐదూ తగ్గించి, తొంభై మీద తొంభై ఐదు అని రాసేసింది. లెక్కలో తొంభై ఐదు. తొట్టిలో ఎనభై ఐదు.

పది పాళ్ళ తరుగు వచ్చింది. దొంగ మాత్రం లేడు.

సాక్షి ఉన్నప్పుడు ఎందుకు రాలేదో కూడా అప్పుడే అర్థమైంది. పని ముగించి సాక్షితో మాట్లాడటానికి ఆగిన ప్రతి పోగూ గడువు తీరకముందే తన బిళ్ళ తానే వదిలేస్తుంది. మధ్యలో లాక్కోవలసిన అవసరం పడదు. చూడటమే వాటిని సరిచేస్తోంది. ఇంత చిన్న సంగతి తండ్రిని పంపిన నాటి నుంచీ కళ్ళెదుటే ఉందని అనుకోగానే ఆమెకు ఏడుపు వచ్చింది. ఆ వెనకే అనుమానమూ వచ్చింది. నేరం మోపిన పాపం కడుక్కోవడానికి తనే ఈ కథ అల్లుకుంటోందేమో? ఎల్లాజీ నిజంగానే దొంగేమో? అలవాటైన బుద్ధి అంత తేలిగ్గా వదలదు.

ఏదెలా ఉన్నా ఒకటి చేసి చూడవచ్చు. చదవడానికీ రాయడానికీ మధ్య నిద్ర అని ఒక్క మాట పెడితే చాలు. నిద్రపోయిన పోగు బిళ్ళ వదులుతుంది. మిగతావన్నీ ఆ సందులోంచి దూరి వెళతాయి. అప్పుడు తప్పు ఎప్పుడో ఒకసారి కాదు, ప్రతిసారీ జరగాలి. జరగకపోతే ఎల్లాజీ దొంగే. కాకపోతే నడుస్తున్న లిపిని అనుమతి లేకుండా ముట్టుకుంటే లిపిద్రోహం. దానికీ శిక్ష పైకి పంపడమే.

విచారణ ఆ గోడ ముందే జరగాలని ఊరి ఆనవాయితీ. మధ్యాహ్నానికి గది నిండిపోయింది. ఎల్లాజీ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు రోజుల్లోనే మనిషి సగమయ్యాడు. చెప్పుకునేదేమైనా ఉందా అని భుజంగరావు అడిగాడు.

"నాను తియ్యనేదు బాబూ," అన్నాడు ఎల్లాజీ. "ఆయేల గవరయ్యా తియ్యనేదు. అప్పుడు బయపడి నోరు మూసుకున్నాను. ఇప్పుడు సెప్తే ఇనేవోలు నేరు." ఆ మాట అంటూ అతను నూకరత్నం వైపు చూడలేదు. చూసి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది.

ఆమె లేచి నిలబడింది. ఆ చెవిని ఒకసారి పిడికిట్లో పట్టుకోమని భుజంగరావును అడిగింది. ఎందుకని ఆయన విసుక్కున్నాడు, అయినా పట్టుకున్నాడు. అందరూ చూశారు కదా అంది. తరువాత కుర్చీలో కూర్చుని, చేసేదంతా పైకి చెబుతూనే చేసింది. సాక్షిని తీసేస్తున్నాను. పన్నెండు పోగుల్లోనూ చదవడానికీ రాయడానికీ మధ్య నిద్ర పెడుతున్నాను. ఇక గోడ చూడండి.

మొదట ఏమీ కాలేదు. అప్పుడు ముల్లు లెక్కను వదిలి కిందికి జారింది. ఒక పాలు, మూడు పాళ్ళు, పది, ఇరవై. ఎన్నేళ్ళ తరుగూ అంత లేదు. గదిలో ఒక్కరూ కదలలేదు. కదిలితే తమ మీదకు వస్తుందన్నట్టు అందరూ చేతులు కనబడేలా పెట్టుకున్నారు. భుజంగరావు తన పిడికిలి వైపు చూసుకున్నాడు. దొంగ చేతిలోనే చెవి ఉండాలంటే, ఇప్పుడు దొంగ ఆయనే.

ఆమె నాలుగు మాటల్లో అంతా చెప్పింది. ఆయనకు అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆమె కుర్చీ పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"చాలమ్మా. ఎల్లాజీని ఇంటికి పంపేస్తాను, నీ మీదా కేసు ఉండదు. నిద్ర తీసేసి సాక్షిని పెట్టెయ్. ఇక తరుగన్నదే రాదు."

"ముందు పంపినోళ్ళ మాటేంటండి?"

"వాళ్ళు వెళ్ళిపోయారు. ఈ ఊరు గోడను నమ్మి బతుకుతోంది. అదీ పోతే రేపు నిజంగా ఎవడైనా తీస్తే దేన్ని చూపించి ఆపుతాం?"

ఆ మాటలో అబద్ధం లేదు. ఆమె వేళ్ళు మీటల మీదే ఉన్నాయి. నిద్ర తీసేసి సాక్షిని పెడితే తేడా అక్కడితో ఆగిపోతుంది, ఎల్లాజీ ఇంటికి వెళతాడు, గవరయ్య దొంగగానే ఉండిపోతాడు. పెట్టె దగ్గర తండ్రి పిలిచిన గొంతు ఆమెకు వినబడింది. అప్పుడు తిప్పుకున్న ముఖాన్ని ఇప్పుడు ఎటు తిప్పాలో ఆమెకు తెలిసింది.

ఆమె మీటల మీదినుంచి చేతులు తీసేసి, అన్ని వాడలకూ వినిపించే మాటగొట్టం అందుకుంది.

"ఎవరూ బయపడకండి. ముల్లు చెప్తున్నదే నిజం. తొట్టిలో గాలి ఎంత ఉండాలో అంతే ఉంది. తప్పిందల్లా లెక్క. ఎవరూ ఏమీ తియ్యలేదు. మా నాన్న గవరయ్య తియ్యలేదు."

ఆ పేరు ఆమె నోట పలికి ఎన్నో ఏళ్ళయింది. గొట్టం దించి, కుర్చీ వదిలి, గది మధ్యకు వచ్చి నిలబడింది. వెనక గోడ మీద తేడా పెరుగుతూనే ఉంది. సందు మొగల్లో జనం గుమిగూడుతున్న చప్పుడు తలుపుల్లోంచి వినిపిస్తోంది. గదిలో వెనక వరసలోంచి ఒక ముసలామె తన కొడుకు పేరు చెప్పింది. ఇంకెవరో భర్త పేరు చెప్పారు. అరుపులు లేవు. ఒకరి తరువాత ఒకరు పైకి వెళ్ళినవాళ్ళ పేర్లు చెబుతున్నారు, అంతే.

ఎల్లాజీ బల్ల మీది చేతులు తీసి లేచాడు. ఇంటి వైపు వెళ్ళలేదు. భుజంగరావు ఎదుటికి వచ్చి చెయ్యి చాపాడు.

"ఆ సెవి ఇలాగివ్వండి బాబూ. పెట్టిని పైకి తోలాల."

"ఎవరి కోసం?" అన్నాడు భుజంగరావు. "అక్కడ ఎవరైనా మిగిలి ఉంటారనా?"

"మనకేటి తెల్సు? ఎప్పుడూ ఎల్లి సూడనేదు కదా," అన్నాడు ఎల్లాజీ.

నూకరత్నం వచ్చి అతని పక్కన నిలబడింది. తానూ వస్తానంది. లిపిద్రోహానికి ఎలాగూ పంపాలి కదా, ఆ శిక్ష ఇప్పుడే వేసేయమంది.

భుజంగరావు గోడ వైపు చూశాడు. అక్కడ ఆయనకు సాయం చేసే అంకె ఒక్కటీ లేదు. చాలాసేపు అలాగే చూసి, పిడికిలి విప్పాడు.