మూడో మలుపు దగ్గర మొరిగేది

ఆ ఆరంతస్తుల బిల్డింగులో మూడో మలుపుకి మంచి పేరు లేదు.

లిఫ్టు ఉందన్న మాటే గానీ పనిచేసిన పాపాన పోలేదు. కాబట్టి ఎవరైనా మెట్లెక్కాల్సిందే, ఆ మలుపు దాటాల్సిందే. అక్కడ ఒక కిటికీ. అద్దం ఎప్పుడు పగిలిందో ఎవరికీ తెలీదు. బల్బు పెడితే నెల తిరక్కుండా మాడిపోతుంది. రెండేళ్ల కిందటి చలికాలంలో, అందరూ నిద్రలోకి జారుకున్నాక, అక్కడినుంచి మొరుగు వినబడిందట... కుక్క మొరుగే, కానీ కుక్క లేదు. పొడిగా, గరగరగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు. ఒకసారి. ఆగి — ఇంకోసారి.

ఆ తర్వాత వినబడిందో లేదో గానీ, విన్నామనేవాళ్లు మాత్రం పెరిగారు. దాంతో ఒక కట్టుబాటు పుట్టింది. మొరుగు వినబడితే దీపం ఆర్పాలి. గడియ బిగించాలి. తలుపు ఎవరు కొట్టినా, పేరు పెట్టి పిలిచినా సరే, పలక్కూడదు. అది మనిషి గొంతుతో పిలుస్తుంది.

ఐదో అంతస్తులో ఉండే కాటా పిల్ల కూడా ఆ కట్టుబాటు తప్పలేదు; ఆ చలికాలంలోనే ఒక రాత్రి ఎవరో తలుపు కొట్టినా దుప్పటి ముసుగు తియ్యలేదు. లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తుంది కాబట్టి అందరికీ ఆమె కాటా పిల్లే. లారీ చక్రాలు నొక్కుకున్న తీరు చూసి బరువు చెప్పేస్తుందని పేరు. అన్నావదినల దగ్గర ఉంటోంది. అన్న దూరాలు తిరిగే డ్రైవరు. వదినకి వారంలో మూడు రాత్రులు ప్యాకింగ్ కంపెనీలో డ్యూటీ. ఆ రాత్రుళ్లు రెండేళ్ల మేనల్లుడు బుడ్డోడికి అత్త పక్కే పడక.

ఆ సాయంత్రం వాడికి ముక్కు కారుతోంది. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది.

"వీడి గొంతేంటే, ఇలా బొంగురుపోయింది?" అంది ఎదురింటి టైలరు పిన్ని, గుమ్మంలో గుండీలు కుట్టుకుంటూ.

"పొద్దున్నుంచీ నీ మిషన్‌తో పోటీ పెట్టుకున్నాడు పిన్నీ."

"నా మిషన్ నాలుగు చుక్కలు నూనె వేస్తే నోరు మూస్తుంది. వీడికేం వేస్తాం?" పిన్ని నవ్వి, గొంతు తగ్గించింది. "చలి మొదలైంది. గడియ గట్టిగా పెట్టుకో. ఏ అవసరమొచ్చినా ఒక్క కేకెయ్యి. బాబాయి స్కూటరు కిందే ఉంటుంది."

రాత్రి ఒంటిగంట దాటింది.

మొరుగు.

కాటా పిల్లకి మెలకువ వచ్చింది. దుప్పటి కింద బిగుసుకుపోయి చెవులు రిక్కించింది. మళ్లీ — అదే మొరుగు. పొడిగా, గరగరగా. ఈసారి చాలా దగ్గర. మెట్ల మీద కాదు... తలుపు అవతల కూడా కాదు...

గదిలోనే.

చీకట్లో చెయ్యి చాపి పిల్లాణ్ని దగ్గరికి లాక్కోబోయింది. అరచేతి కింద ఆ చిన్న ఛాతీ ఎగిరిపడింది — మొరిగింది.

ఎలా లేచిందో, ఎలా లైటు వేసిందో ఆమెకే తెలీదు.

బుడ్డోడు లేచి కూర్చున్నాడు. కళ్లు ఇంతింత చేసుకుని అత్తనే చూస్తున్నాడు. దగ్గినప్పుడల్లా ఆ మొరుగు. దగ్గుకీ దగ్గుకీ నడుమ, గాలి లోపలికి లాగుతుంటే సన్నటి కీచు. లాగిన ప్రతిసారీ గొంతు కింద గుంట పడుతోంది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతోంది.

దెయ్యం పట్టలేదు. వాడికి ఊపిరి అందట్లేదు.

అంబులెన్సుకి ఫోన్ చేసి, రెండేళ్లవాడని, ఊపిరి అందట్లేదని చెప్పింది. అవతలి ఆడగొంతు ఏమాత్రం తొణకలేదు. "ఊపిరి లెక్కపెట్టగలవామ్మా? నిమిషం నిండా."

చొక్కా ఎత్తి, పొట్ట కదలిక చూస్తూ లెక్కపెట్టింది. "యాభై నాలుగు."

"ఈ వయసుకి నలభై దాటితే ఎక్కువే. ఏడవకుండా ఊరికే కూర్చున్నా ఆ కీచు వినబడుతోందా?"

"వినబడుతోందండీ."

"గాలి వెళ్లే దారి వాచింది. బండికి ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. అంతకంటే ముందు ఆసుపత్రికి చేరగలిగితే బయల్దేరిపో. నిటారుగా ఎత్తుకో, పడుకోబెట్టకు. నోట్లో వేలు పెట్టకు. ఏమీ తాగించకు. ఏడవనివ్వకు, ఏడిస్తే ఇంకా ఆయాసపడతాడు. ఇంకో మాట... చప్పుడు ఆగిపోతే తగ్గిందనుకోకు. ఛాతీ లాగుతూనే ఉండి చప్పుడు ఆగిందంటే, గాలి పోవట్లేదని అర్థం."

ఆసుపత్రి కిలోమీటరున్నర. పరిగెడితే పదకొండు నిమిషాలు. స్కూటరైతే నాలుగు. బుడ్డోణ్ని భుజానికెత్తుకుని ఎదురింటి తలుపు బాదింది.

"పిన్నీ! నేనే! బాబాయిని లేపు, వీడికి బాలేదు!"

తలుపు కింద వెలుతురు గీత పడింది. అడుగుల చప్పుడు. అమ్మయ్య, అనుకుంది.

సరిగ్గా అప్పుడే బుడ్డోడు దగ్గాడు.

అడుగులు ఆగాయి. వెలుతురు ఆరిపోయింది. లోపల పైగడియ కూడా పడింది.

"పిన్నీ..."

గుసగుస వినబడింది. "పలక్కండి. అచ్చం ఆ పిల్ల గొంతే..."

నాలుగో అంతస్తులో ఎలక్ట్రీషియన్ తలుపు కొట్టింది. అక్కడా అంతే. తలుపుకి అర నిమిషం. అర నిమిషమంటే బుడ్డోడికి ఇరవై ఏడు ఊపిర్లు. ఇంకే తలుపూ కొట్టకుండా మెట్లు దిగింది.

మూడో మలుపు.

కటిక చీకటి. పగిలిన కిటికీలోంచి చలిగాలి చెంప మీద కొట్టింది. కళ్లు మూసుకుని దాటెయ్యబోయింది... కానీ భుజం మీద ఏదో మారింది. కీచు కాస్త మెత్తబడింది. పట్టు సడలినట్టుంది. ఆగి లెక్కపెట్టింది. నిమిషానికి నలభై ఆరు లెక్కన. చల్లగాలి వాడికి పడింది.

బిల్డింగంతా భయపడే చోట, వాడికి ఊపిరాడింది.

ఒక్క క్షణం ఆ మెట్టు మీదే కూర్చుండిపోదామనిపించింది. ఇంతలో వాడి మొరుగు ఆగిపోయింది. కీచు కూడా ఆగిపోయింది. ఎంత హాయిగా ఉందో ఆ నిశ్శబ్దం... వాడి వీపు మీద చెయ్యి వేసి చూసింది. వీపు ఎగసిపడుతూనే ఉంది, ఇంకా వేగంగా. చప్పుడు మాత్రం లేదు.

పరుగు తీసింది.

కింద గేటుకి తాళం. వాచ్‌మన్ తాత తన గదిలో దూరి తలుపేసుకున్నాడు.

"తాతా! తాళంచెవి! నేను, కాటా పిల్లని!"

"అన్ని దయ్యాలూ ఇలాగే చెబుతాయి," లోపలినుంచి వణుకుతున్న గొంతు. "పో తల్లీ, పో. నేను ముసలాణ్ని, నాలో రక్తం కూడా లేదు."

"ముసలి మొహం! నిన్న నీ కళ్లజోడుకి దారం కట్టిచ్చింది ఎవరు? ఇప్పుడు దాన్ని విరగ్గొట్టేదీ నేనే, తియ్!"

లోపల తాళాల గుత్తి గలగలలాడింది. తర్వాత తలుపు కిందనుంచి తాళంచెవి జారివచ్చింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ఆ పదకొండు నిమిషాల్లో ఆమె దేన్నీ చూడలేదు. వీధిదీపం వచ్చినప్పుడల్లా వాడి పెదాలు తప్ప. మొదటి దీపం కింద ఎర్రగానే ఉన్నాయి. ఆరో దీపం దగ్గర పాలిపోయాయి. తొమ్మిదో దీపం దగ్గర... నీలం. పదో దీపం ఆసుపత్రిది.

చేతుల్లోంచి పిల్లాణ్ని ఎవరో లాక్కున్నారు. మాస్కు పెట్టి, పొగలా మందు పట్టారు. కాసేపటికి వాడు దగ్గాడు. ఆ మొరుగు వినగానే కాటా పిల్ల నేల మీద కూలబడి భోరుమంది. అంత కమ్మటి చప్పుడు ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. గుటక వేయగలిగాక, వాపు తగ్గడానికి ఒక్క మోతాదు సిరప్ ఇచ్చారు. తెల్లవారేదాకా కనిపెట్టి ఉండాలన్నారు.

మూడుగంటలకి ఊపిరి ముప్పై రెండు. వాడు నిద్రపోయాడు. వయసు మళ్లిన నర్సు టీ తెచ్చిచ్చింది.

"చెప్పుల్లేకుండా వచ్చావేంటమ్మా? ఎక్కడినుంచి?"

చెప్పింది. నర్సు పక్కనే కూర్చుంది.

"మెట్ల మలుపులో కిటికీ పగిలి ఉంటుంది... ఆ బిల్డింగేనా?"

"మీకెలా తెలుసు సిస్టర్?"

"రెండేళ్ల కిందట ఒకామె ఇదే టైముకి, ఇలాగే వచ్చింది. కొత్తగా అద్దెకి దిగిందట. మనిషి తోడు లేదు. బిడ్డకి ఆ చలికాలమంతా ఇదే దగ్గు. వచ్చినప్పుడల్లా ఆ కిటికీ దగ్గర కూర్చుంటే చల్లగాలికి తగ్గేదట. ఆ రాత్రి తగ్గలేదు. ఇక్కడికొచ్చేసరికి బిడ్డ చప్పుడు చేయట్లేదు. 'తగ్గిందండీ, ఇప్పుడే నిద్రపోయాడు' అంటోంది..." నర్సు బుడ్డోడి దుప్పటి సరిచేసింది. "దక్కలేదు. ఎవరినైనా లేపకపోయావా అని కేకలేశాను. నా నోరు పడిపోను. అప్పుడంది... పైకీ కిందకీ తిరిగి పదిహేడు తలుపులు కొట్టానండీ, అని."

నర్సు లేచి వెళ్లిపోయింది.

కాటా పిల్ల టీ ముట్టలేదు. ఆరు అంతస్తులు. అంతస్తుకి మూడు ఇళ్లు. పద్దెనిమిది. అందులో ఒకటి ఆ తల్లిదే, తీసేస్తే పదిహేడు.

మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. తన తలుపు వదిలేసి చూసింది.

పదహారే వచ్చాయి.