ఒప్పందంలో లేని కేక

మద్దిలేటి కాఫీ తాగుతూ తన ఈగలు ఏం చేస్తున్నాయో మణికట్టు పట్టీ మీద చూసుకుంటున్నాడు. ఈగలున్నది రెండు మండలాల అవతల, సుంకులమ్మ చీనీ తోటలో, బత్తాయి చెట్ల మీద. అతనున్నది తాడిపత్రిలో, ఇంటి అరుగు మీద, బనీనుతో. ఒకప్పుడు తేనెటీగల వాళ్లంటే పూత వెంట ఊరూరూ తిరిగి, తోట గట్టున టార్పాలిన్ కింద పడుకునేవాళ్లు. ఇప్పుడు కడుపులో చల్ల కదలనవసరం లేదు. ప్రతి ఈగ మీదా పుప్పొడి రేణువంత వీపుచుక్క ఉంటుంది. అది ఏ కొమ్మ మీద వాలిందో, ఎంత రసం తాగిందో, ఎన్ని పిందెలు నిలబెట్టిందో అంతా 'సరితూకం' అనే లెక్కల యంత్రం చూసుకుంటుంది. రసం తాగినందుకు ఈగలవాడు తోటకు ఎంత ఇవ్వాలి, కాపు నిలబెట్టినందుకు తోట ఈగలవాడికి ఎంత ఇవ్వాలి అన్నది తేల్చి, ఎవరిది వాళ్లకు జమ చేస్తుంది. పెట్టెలు కూడా తనుతెరుపువే. తేనె బరువెక్కగానే వాటంతట అవే మూత తీసుకుని, చట్రాలు పిండుకుని, మళ్లీ మూసుకుంటాయి.

న్యాయమైన తూకమని అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవలసిందే. అంతకుముందు తగాదా లేని పూత ఉండేది కాదు. నీ ఈగలు నా పూలన్నీ పీల్చేశాయని ఒకరు, అవే లేకపోతే నీ చెట్టుకు కాయెక్కడిదని ఇంకొకరు.

సుంకులమ్మతో మాత్రం మద్దిలేటికి ఏనాడూ మాట తేడా రాలేదు. భర్త పోయాక తమ్ముడు చెన్నకేశవను తోడు పెట్టుకుని తోట చేసుకుంటున్న మనిషి ఆమె. పెట్టెలు తెరిచే రోజు మద్దిలేటి కంచె దగ్గర నిలబడి, పెట్టెలు తెరుస్తున్నామక్కో అని గట్టిగా కేక వేసేవాడు. ఆ కేక వినగానే పాదుల్లో ఉన్నవాళ్లు పని ఆపి మోటారు షెడ్డులోకి పోయి తలుపేసుకునేవాళ్లు. పని అయ్యాక సుంకులమ్మ అతనికి ఇంత సంకటి పెట్టి పంపేది. ఎప్పటినుంచో ఉన్నదే కాబట్టి అదొక పద్ధతని కూడా ఎవరూ అనుకోలేదు.

సరితూకంతో ఒప్పందం రాసుకున్న రోజు అది అన్నీ అడిగింది. తోటలో మనుషుల వల్ల ఈగలు చస్తే ఆ నష్టం తోటదేనా అంది. మందు కొట్టే సంగతి కాబోలనుకుని ఇద్దరూ సరేనన్నారు. మద్దిలేటి వచ్చిపోవడానికి కూలి కట్టి సుంకులమ్మ ఖాతాలో బాకీగా వేసింది. ఆమె పెట్టే భోజనానికి వెల కట్టి అతని ఖాతాలో బాకీగా వేసింది. మద్దిలేటికి మొహం చెల్లలేదు.

"నేనొచ్చేదానికి నువ్వు దుడ్లిచ్చేదేందక్కా, సిగ్గుచేటు. ఆ ముక్క తీసేయమను" అన్నాడు.

"నా సంకటికి వెల కట్టేదేంది? అదీ తీసేయమను" అంది సుంకులమ్మ.

ఒకరి మొహమాటం ఒకరికి నచ్చి ఇద్దరూ నవ్వుకున్నారు. ఇద్దరూ ఒప్పుకున్నారు గనక సరితూకం 'రాక' అన్న అంశాన్నే కొట్టేసింది. ఒప్పందంలో లేకుండా వస్తే ఆ కూలి ఎవరో ఒకరి నెత్తిన పడుతుందని కూడా చెప్పింది. అక్క నెత్తిన పడుతుందేమోనని మద్దిలేటి ఆ తోట వైపు పోవడమే మానేశాడు. కేక సంగతి సరితూకం అడగలేదు. చెప్పాలని వీళ్లకూ తోచలేదు.

కాఫీ అయ్యేలోగా మణికట్టు టింగుమంది. తోటలో చనిపోయిన ఈగలకు పరిహారం, తోట ఖాతా నుంచి జమ. బాగానే పడింది. అక్క ఏదో మందు కొట్టించి ఉంటుంది, పూతలో కొట్టకూడదని తెలియదా అని కాస్త విసుక్కున్నాడు గానీ, అయాచితంగా వచ్చిన సొమ్ము కదా, సంతోషమే ఎక్కువైంది. పొట్టేలు మాంసం తెచ్చాడు. భార్య జయమ్మ మసాలా నూరి వండింది. ఇద్దరూ కడుపునిండా తిన్నారు.

గిన్నెలు తీస్తూ జయమ్మ అడిగింది.

"ఇంతకీ ఏంటికి చచ్చినాయంట?"

అంతదాకా అతనికి ఆ మాట అడగాలనే అనిపించలేదు. సరితూకాన్ని అడిగాడు. అది నిమ్మకు నీరెత్తినట్టు చెప్పింది. నిన్న మధ్యాహ్నం, పెట్టెలు తెరుచుకున్న వేళ, కుట్టుట వలన. కుట్టిన ఈగ బతకదన్నది మద్దిలేటికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చోటు చూపించమన్నాడు.

తోట పటం మీద తెల్లటి చుక్కలు, ముగ్గుపిండి జారినట్టు. చీనీ సాలులో మొదలై, గట్టు దాకా తిన్నగా పోయి, అక్కడ వంకర తిరిగి, మోటారు షెడ్డు వైపు సాగాయి. పోయేకొద్దీ చిక్కబడ్డాయి. షెడ్డు తలుపు ఇవతలే కుప్పగా ఆగిపోయాయి. చచ్చే ఈగలు తమంతట తాము ఇలా బారులు తీరి రాలవు. మనిషి పరుగెత్తితేనే రాలతాయి.

మద్దిలేటి పెరట్లోకి పోయి తిన్నదంతా కక్కుకున్నాడు. జయమ్మ ఏమైందని వీపు రాస్తుంటే మణికట్టు ఆమె ముందుకు చాపాడు.

సాయంత్రానికి అతను సుంకులమ్మ ఇంటి ముందున్నాడు. చాలా కాలానికి వచ్చినా దారి కాళ్లకు గుర్తుంది. వాకిట్లో జనం ఉన్నారు. చాప మీద సుంకులమ్మ ఉంది. మొహం గుర్తుపట్టేలా లేదు. ఆ చేతులు మాత్రం గుర్తుపట్టాడు.

చెన్నకేశవ లేచి దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాడు మద్దిలేటి, కొడితే బాగుండుననుకున్నాడు. అతను కొట్టలేదు. నిన్న తను టౌనుకు పోయానని, అక్క ఒక్కతే పాదులకు నీళ్లు మలుపుతోందని, ఈగలు రేగే మబ్బూ గాలీ ఉన్నా, ఒప్పందం రాసుకున్నాక మొదటిసారి పెట్టెలు తెరుచుకున్నాయని మెల్లగా చెప్పాడు.

"పెట్టెల కాడికి పోవద్దక్కా అని పొద్దున చెప్తినన్నా. తెరిచే పొద్దయితే మద్దిలేటి కేకేస్తాడు లేరా అనె."

వెల కట్టడం ఇష్టం లేక తీసేసినది ఏమిటో మద్దిలేటికి ఇప్పుడు తెలిసింది. చచ్చిపోయిన మనిషి చేత, ఆమెను చంపిన ఈగలకు సరితూకం ఖరీదు కట్టించింది. ఆ డబ్బుతో తను మాంసం తిన్నాడు. ఇందులో ఎక్కడా తప్పు లెక్క లేదు. దానికే అతనికి భయం వేసింది.

అప్పుడు మణికట్టు టింగుమంది. ఆ ఏడుపుల్లో కూడా అది చెన్నకేశవకు వినిపించింది.

"ఏమంటాదన్నా అది?"

మద్దిలేటి చెప్పకూడదనుకున్నాడు. అబద్ధమూ నోటికి రాలేదు.

"ఒప్పందం లేకుండా వచ్చినానంట. నేనొచ్చిందానికి అక్క ఎంత ఇయ్యాల్నో అడుగుతాంది."

చెన్నకేశవ చాప వైపు చూశాడు.

"నువ్వొస్తే సంకటి పెట్టేది. అంతే కదన్నా ఇచ్చేది" అన్నాడు.