తిట్లు నేర్చిన యంత్రం

పదకొండోసారి కూడా కుక్క కదలలేదు.

మిల్లు వెనక వీధి చివర, దీపస్తంభానికి బిగించిన ఇనప పెట్టె తలుపు తెరుచుకుంది. అన్నం ముద్ద పళ్లెంలో పడింది. లోపలి స్పీకర్ "రండి, రండి" అని పిలిచింది. ఇరవై అడుగుల దూరంలో, రోడ్డుకు అడ్డంగా పడుకున్న నల్లకుక్క ఒక చెవి ఎత్తి, మళ్లీ దించేసింది. ఆ తర్వాత దగ్గింది. పశువుల డాక్టర్ కృపానందం తన నోట్‌బుక్‌లో 'విఫలం' అని రాసుకున్నాడు.

ఆ కాలంలో ఆ ఊరి వీధికుక్కలు అలా దగ్గి దగ్గి చచ్చిపోయేవి. దోమ ఒక జబ్బు కుక్కను కుట్టి, మరో కుక్కను కుడుతుంది. కంటికి ఆనని పిల్ల పురుగు రక్తంలో చేరుతుంది. ఆరు నెలలు తిరిగేసరికి అది గుండె దగ్గర సేమియా పోగులా పెరుగుతుంది. కాలువలూ మురుగూ ఉన్న ఊరు కాబట్టి దోమలకు కరువు లేదు. మురుగు తీయవలసిన వాళ్లు తీయలేదు, అడగవలసిన వాళ్లు అడగలేదు. శిక్ష మాత్రం కుక్కలకు పడింది.

కృపానందం కనిపెట్టిన పెట్టె ముందు ఒక మ్యాట్ ఉండేది. కుక్క దాని మీద నిలబడితే చాలు, మ్యాట్‌లోని సెన్సర్ గుండె చప్పుడు విని, పురుగు ఎంత ఉందో లెక్కకట్టి, అంత మందే ముద్దలో కలిపేది. ఆ మందు మూడు నెలల పాటు రోజూ ఒకే వేళకు, ఖాళీ కడుపున పడాలి. అన్నీ సరిగ్గానే అమిరాయి. కుక్కలే రాలేదు.

"అలా పిలిస్తే పెళ్లికి చుట్టాలొస్తారు గానీ కుక్కలు రావు, డాక్టరు గారూ."

ఆ మాట అన్నది నాంచారమ్మ. మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసి మానుకున్న మనిషి. రోడ్డు మీది నల్లకుక్కకు జమీందారు అని పేరు పెట్టింది ఆమే, లారీ వచ్చినా లేవదని. మధ్యాహ్నం తన భోజనం కాగానే గుమ్మం దిగి, దానికి అన్నం పెట్టడం ఆమె అలవాటు. అప్పట్లో ప్రతి వీధిలోనూ అలాంటి వాళ్లు ఒకరిద్దరు ఉండేవారు. బియ్యం పోసేటప్పుడే కుక్క పేరు చెప్పి ఒక గుప్పెడు ఎక్కువ పోసేవారు. ఇప్పటి వాళ్లకు చెబితే నవ్వుతారు.

"అయితే మీ గొంతే పెడదాం. రేపు ఆఫీసుకు రండమ్మా" అన్నాడు కృపానందం.

మర్నాడు ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లింది. మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకుని, "జమీందారు గారూ, భోజనానికి దయచేయండి" అంది. ఆ పిలుపు పెట్టెలో వినిపిస్తే, జమీందారు ఈసారి చెవి కూడా ఎత్తలేదు.

"ఇంటి దగ్గర ఇలా పిలవరు కదమ్మా?"

"ఆఫీసులో కూర్చుని తిడతానా? మాకూ మర్యాద తెలుసు బాబూ."

చివరికి కృపానందం ఆమె గుమ్మం పక్కనే ఫోన్ పట్టుకుని నిలబడి రికార్డు చేసుకున్నాడు. "ఒరే జమీందారూ, ఎక్కడ చచ్చావురా? మళ్లీ పిలిస్తే నా పేరు నాంచారమ్మ కాదు. అన్నం చల్లారిపోతోంది, రా నాయనా."

పెట్టె ఆ మాటలు అనగానే కుక్క లేచి, తోక ఊపుకుంటూ మ్యాట్ ఎక్కింది. అధికారులు మాత్రం ప్రభుత్వ యంత్రం తిట్టకూడదన్నారు. నెల తర్వాత, ఇంకే పిలుపుకీ కుక్కలు రాకపోవడంతో వాళ్లే ఒప్పుకున్నారు. ఏ వీధి పెట్టెలో ఆ వీధి ఆడవాళ్ల గొంతు పెట్టారు. మందు వేళ అయిన పన్నెండున్నరకు ఊరంతా ఒక్కసారిగా తిట్లు మోగేవి.

అయితే నాంచారమ్మ తన అలవాటు మానలేదు. పన్నెండుకే పిలిచి అన్నం పెట్టేసేది. కడుపు నిండిన జమీందారు పెట్టె వైపు వెళ్లేది కాదు. పది రోజులకు దగ్గు ఎక్కువైంది. నాలుగడుగులు వేసి కూలబడిపోయింది.

కృపానందం వచ్చి ఆమె అరుగు మీద కూర్చున్నాడు. "అమ్మా, మూడు నెలలు మీరు దీనికి అన్నం పెట్టకూడదు, పిలవనూ కూడదు. రెండు చోట్ల నుంచి ఒకే గొంతు వినిపిస్తే అది ఎటు వెళ్లాలో తెలియక ఆగిపోతుంది. మందు ఇంకో వారం తప్పితే కుక్క దక్కదు."

"మూడు నెలల తర్వాత?"

"గండం గడుస్తుంది. ఆ పైన దోమ కుట్టినా మళ్లీ పురుగు పట్టకుండా మందు వేళకు పడితే చాలు, కడుపు నిండినా ఫరవాలేదు. మీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకోండి."

ఆమె ఆ మాటకు కట్టుబడింది. మనకు ఇష్టమైన చెడు అలవాటు మానడం కష్టమే. ఇష్టమైన మంచి పని మానడం అంతకంటే కష్టం. ఎసట్లో పోసే ఆ గుప్పెడు బియ్యం మానేసింది. పన్నెండు కాగానే తలుపు వేసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది.

"ఏం పిన్నీ, మిషనుకు నోరిచ్చేసి నువ్వు మూగదానివయ్యావా?" అని ఆటో దుర్గారావు కిటికీలోంచి ఎగతాళి చేసేవాడు.

"మెల్లగా ఏడువురా. దాని మందు వేళ" అనేది.

మూడు నెలలు గడిచాయి. సెన్సర్ ఆ గుండెలో పురుగు లేదని చెప్పింది. జమీందారు దగ్గు పోయింది, ఒంటి మీద నిగారింపు వచ్చింది, లారీల వెంట పరుగెత్తడం కూడా మొదలుపెట్టింది.

మరునాడు నాంచారమ్మ గుప్పెడు బియ్యం ఎక్కువ పోసింది. పన్నెండు గంటలకు పళ్లెం పట్టుకుని గుమ్మం దిగి, చాలా రోజుల తర్వాత గొంతెత్తింది. "ఒరే జమీందారూ, ఎక్కడ చచ్చావురా?"

కుక్క చటుక్కున లేచింది. తోక ఊపుకుంటూ ఆమె వైపే వచ్చింది. పళ్లెం పక్కనుంచి, ఆమె చీర కుచ్చిళ్లను రాసుకుంటూ ముందుకు వెళ్లిపోయింది. వీధి చివర మూసి ఉన్న ఇనప పెట్టె ముందు మ్యాట్ ఎక్కి కూర్చుని, తల పైకెత్తి చూసింది.

నాంచారమ్మ మళ్లీ పిలిచింది. కుక్క తోక ఇంకా జోరుగా ఊపింది, పెట్టెను చూస్తూనే.

ఆమె పళ్లెంతో మెల్లగా అక్కడిదాకా నడిచి, కుక్క పక్కన స్తంభానికి ఆనుకుని నిలబడింది. పన్నెండున్నర కావడానికి ఇంకా చాలా సేపుంది. పెట్టె తిట్టేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.