మొదట కనుగొన్నది: హైమవతి

విశాఖలో ట్రామ్ ఎక్కినవాళ్లు ఇప్పుడు కిటికీలోంచి సముద్రం చూడరు. కంటిపాప మీద అతికించుకున్న సన్నటి కంటిపొరలో ఎవరికి కావలసిన బొమ్మలు వాళ్లకు కదులుతుంటాయి. 2079లో చాలామందికి కావలసింది పాత వీడియో గేముల ముచ్చట్లు. తాతల కాలం నాటి ఆటల్లో ఎవరూ చూడని మూలలు, తయారుచేసినవాళ్లు దాచిపెట్టిన వింతలు. ఒకరు చెప్తే వేలమంది పంచుకుంటారు. మొదట చెప్పిందెవరో ఎవరికీ పట్టదు.

ఆ ఉదయం హైమవతి ఎదుటి సీట్లో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు కూర్చున్నారు.

"కొండవాగు ఆటలో దయ్యం గది ఉందంట, చూసేవా?"

"జలపాతం వెనకాల గదే కదా? పొయ్యి ముందర ముసల్ది కూకుంటాది. అది మనేపు తిరిగిందంటే ఆట ఆగిపోద్దంట!"

హైమవతికి ఒళ్లు మండింది. ఆ గదిని కనుగొన్నది ఆమే. అందులో దయ్యం లేదు.

ఆమె ఒక పరిశోధన సంస్థలో పాత ఆటల పరిశోధకురాలు. 'కొండవాగు' నలభై ఏళ్ల క్రితం విశాఖలోనే ఒక చిన్న కంపెనీలో తయారైంది. దాని కోడ్‌ను పొరలు పొరలుగా విప్పుతూ ఏళ్ల తరబడి కూర్చుంటే, ఏ దారీ లేని ఒక గది ఆమెకు కనబడింది. గదిలో ఒక పెద్దావిడ పొయ్యి ముందు కూర్చుని రొట్టె కాలుస్తోంది. ఆ బొమ్మ గీసిందెవరో వెతుక్కుంటూ హైమవతి భీమిలి వెళ్లి సాహితి అనే వృద్ధ చిత్రకారిణి తలుపు తట్టింది.

"ఆవిడ మా అమ్మ, అప్పలనరసమ్మ" అని చెప్పింది సాహితి. "ఆట తయారవుతుండగానే పోయింది. ఆవిడ కూర్చునే తీరు మర్చిపోతానేమోనని గీసి అందులో పెట్టాను. పనికిరాదు, తీసెయ్యమన్నారు పైవాళ్లు. చేతులు రాలేదమ్మా. దారి మూసేసి ఊరుకున్నాను."

హైమవతి ఇదంతా వ్యాసంగా రాసింది. 'తెలుసా గురూ' అనే పెద్ద చానల్ దాన్ని ఎత్తుకుంది. ముందు హైమవతి పేరు తీసేసింది. దాన్ని పంచుకున్నవాళ్లు సాహితి పేరు వదిలేశారు. ఆ తర్వాతివాళ్లు అప్పలనరసమ్మనే వదిలేశారు. పేర్లన్నీ పోయిన చోట దయ్యం వచ్చి కూర్చుంది. అభిమానులెవరో ఆ గదికి దారి కూడా తెరిచారు. జనం గుంపులు గుంపులుగా దయ్యాన్ని చూసి వస్తున్నారు.

ట్రామ్ దిగి హైమవతి నేరుగా ఇలియాస్ గదికి వెళ్లింది. అతను అదే సంస్థలో భాషాగణిత శాస్త్రవేత్త, ఆమెకు చదువుకునే రోజుల నుంచి స్నేహితుడు.

"ఏ మాట ఎక్కడ పుట్టిందో పట్టుకునే యంత్రం కావాలి ఇలియాస్. ఎన్ని నోళ్లు మారినా సరే."

"కష్టం హైమా. మాటలు మారిపోతాయి కదా."

"మాటలు మారతాయి. చెప్పే విషయం మారదు. దాన్ని పట్టుకుందాం."

అలా మొదలైంది మూలదర్శిని. ప్రతి వాక్యం లోపల ఉండే సంగతికి వాళ్లు 'విషయబీజం' అని పేరు పెట్టారు. పదాలు, భాష, బొమ్మలు ఎన్ని మారినా విత్తనం ఒకటే. మూలదర్శిని నెట్‌వర్క్ అంతటా ఆ విత్తనం ఉన్న పోస్టులన్నీ ఏరి, కాలక్రమంలో వెనక్కి నడిచి, అన్నిటికంటే పాతదాన్ని పట్టుకుంటుంది. దాన్ని రాసినవారి పేరు ఆ తర్వాతి పోస్టులన్నిటికీ అతికిస్తుంది. ఆ పేరును ఎవరూ చెరపలేరు.

దీన్ని అమలు కానివ్వకుండా చానళ్లు లాయర్లను పెట్టాయి. నెట్‌వర్క్ మండలి ముందు విచారణ జరిగిన ప్రతిసారీ హైమవతి వెళ్లింది. "పంచుకోవద్దని నేననడం లేదు. ఎవరి కష్టమో చెప్పి పంచుకోమంటున్నాను" అని ప్రతివాడికీ చెప్పింది. మండలి చివరికి ఒప్పుకుంది.

మూలదర్శిని పని మొదలుపెట్టిన రోజున సంస్థలో మిఠాయిలు పంచారు. శ్రీకాకుళంలో ఒక నర్సు ఎప్పుడో విప్పిన ఆట రహస్యం కింద తొలిసారి ఆమె పేరు వెలిగింది. ఆమె సంస్థకు ఫోన్ చేసి ఏడ్చింది. హైమవతికి ఆ రోజు నేల మీద కాళ్లు నిలవలేదు.

వారం తిరక్కముందే భీమిలి నుంచి సాహితి ఫోన్ చేసింది.

"నేను నీకేం అపకారం చేశానమ్మా? నమ్మి చెప్పుకుంటే, మా అమ్మని దయ్యం చేసేస్తావా?"

"నేనా? నేనెందుకంటానండీ!"

"పేరు నీదే కదా ఉంది. చూసుకో."

హైమవతి కంటిపొర తెరిచి చూసింది. 'జలపాతం వెనుక దయ్యం గది. మొదట కనుగొన్నది: హైమవతి.' ఒకటి కాదు, వేల పోస్టుల కింద అదే ముద్ర. గది సంగతి ఆమెది. దయ్యం ఎవరో కలిపింది. కానీ విత్తనం ఒకటే కాబట్టి యంత్రం అన్నిటికీ ఆమె పేరే కట్టబెట్టింది. మునుపు కొంతమందైనా అనుమానపడేవారు. ఇప్పుడు పరిశోధకురాలి పేరుంది కదా అని అందరూ నమ్ముతున్నారు.

ఇలియాస్ తల పట్టుకున్నాడు. "నీ పేరు ఒక్కటీ తీయించేద్దాం. మండలి ఒప్పుకుంటుంది."

"నేను తప్పించుకుంటే ఆవిడ దయ్యంగానే మిగిలిపోతుంది. పేరు ఉండనీ. దాన్ని తాకితే నా అసలు వ్యాసం తెరుచుకునేలా చెయ్యి."

ఇలియాస్ అలాగే చేశాడు. కొన్నాళ్లు ఆగి హైమవతి యంత్రాన్నే అడిగింది.

"నా పేరు తాకి వ్యాసం చదివినవారు ఎంతమంది?"

"దాదాపు ఎవరూ లేరు" అంది మూలదర్శిని.

"ఎందుకు?"

"చదవనివాళ్లను కారణం అడిగాను. పేరు ఉంది కనుక ఎవరో సరిచూసే ఉంటారని ఎక్కువమంది చెప్పారు. మూలం చూపించమని మీరు నన్ను ఆదేశించారు. చూపిస్తున్నాను. చదివించడం నాకు సాధ్యం కాదు."

హైమవతి లేచి సంస్థలోని ఆటగది వైపు నడిచింది.

"ఎక్కడికి?" అన్నాడు ఇలియాస్.

"జలపాతం వెనక్కి. వాళ్లు వచ్చే చోటే ఉంటాను. వచ్చినవాళ్లకి చెప్తాను."

"కోట్లమంది ఉన్నారు హైమా! ఎంతమందికని చెప్తావు?"

"వచ్చినంతమందికి."

ఆ మధ్యాహ్నం ఆమె కంటిపొరలోంచి 'కొండవాగు'లోకి అడుగుపెట్టి, జలపాతం దాటి గదిలో పొయ్యి పక్కన నిలబడింది. అప్పలనరసమ్మ ఎప్పటిలాగే రొట్టె తిప్పుతోంది. కాసేపటికి ఒక గుంపు కేరింతలు కొడుతూ లోపలికి వచ్చింది.

"అదిగో, అదిగో! హైమవతి!" అని అరిచింది ముందున్న అమ్మాయి.

తనను గుర్తుపట్టారనుకుంది హైమవతి. కానీ ఆ అమ్మాయి వేలు పొయ్యి ముందున్న ముసలావిడ వైపు ఉంది.

"హైమవతి ఎవరమ్మా?" అని హైమవతి నెమ్మదిగా అడిగింది.

"అదే కదా మేడమ్, దయ్యం పేరు! ప్రతి పోస్టు కిందా ఉంటాది కదా. పాతకాలం పేరు కూడాను."

హైమవతికి నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఏళ్ల తరబడి పోరాడి నిలబెట్టుకున్న పేరు చివరికి వెళ్లి దయ్యానికి తగులుకుంది.

"హైమవతిని నేను" అంది. "బతికే ఉన్నాను. ఆవిడ పేరు అప్పలనరసమ్మ. కూర్చోండి, చెప్తాను."

సగంమంది వినకుండానే బయటికి పోయారు. మిగిలినవాళ్లలో ఇద్దరు మధ్యలో లేచారు. ముందు అరిచిన అమ్మాయి మాత్రం కూర్చుంది. ఆమె పేరు మౌక్తిక. సాహితి ఎందుకు గీసింది, దారి ఎందుకు మూసింది, అన్నీ అడిగింది.

"మరి దయ్యం అని అంతమంది ఎందుకన్నారు మేడమ్?"

"ఎవరూ అడగలేదు కాబట్టి."

మౌక్తిక లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఆ ముసలి చేతులు రొట్టె తిప్పే తీరు వంగి చూసింది. "మా నాయనమ్మ కూడా ఇలాగే వేళ్లు కాల్చుకునేది" అంది.

సాయంత్రానికి ఆమె పోస్టు వచ్చింది. ఇలియాస్ దాన్ని తెర మీద పెట్టి హైమవతిని పిలిచాడు.

'జలపాతం వెనకాల ఉన్నది దయ్యం కాదు. అప్పలనరసమ్మ గారు. గీసింది ఆవిడ కూతురు సాహితి గారు. గదిని కనుక్కున్నది హైమవతి గారు. ఆవిడే నాకు చెప్పారు, నేను కూర్చుని విన్నాను.'

పేర్లన్నీ ఎవరూ బలవంతపెట్టకుండా ఆ అమ్మాయే రాసింది. దాని కింద మాత్రం, 'విన్నాను' అని ఉన్నదేదైనా నోటిమాట కిందే లెక్కగట్టే మూలదర్శిని ఎర్ర అక్షరాలతో తన ముద్ర వేసింది: 'నోటిమాట. మూలం నిర్ధారణ కాలేదు.'

"దయ్యం పోస్టులకి నీ పేరు, ఈ ఒక్క నిజానికి ఎర్ర ముద్ర!" ఇలియాస్‌కు ఉక్రోషం వచ్చింది. "ఇప్పుడే సరిచేద్దాం, కూర్చో."

"నువ్వు మొదలుపెట్టు" అంది హైమవతి, కంటిపొర సవరించుకుంటూ. "నేను మళ్లీ గదిలోకి వెళ్తున్నాను. ఇంకో గుంపు వచ్చింది."