పాలలో ముంచిన నందివర్ధనం

పక్కింటి రత్నమాణిక్యం గారు మేడ మీద వడియాలు పెట్టుకుంటూ కళ్ళారా చూశారట! పొద్దు నడినెత్తి దాటగానే గోడకి ఇటు పెద్దకోడలు, అటు చిన్నకోడలు చెరో వసారాలోనూ చేరతారట. ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లేనట. ఇటు ఈవిడ టకటకా ఏదో కొట్టి ముసిముసిగా నవ్వుకుంటే, కాసేపటికి అటు ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుందట. అటు ఆవిడ కొట్టాక మళ్ళీ ఇటు ఈవిడకి నవ్వట!

"మూడేళ్ళుగా మొహాలు చూసుకోని తోడికోడళ్ళు... ఆ గోడకేమైనా కిటికీ పెట్టించారేంటే, అని నన్నే అడిగారండీ ఆవిడ!" అంది పనిమనిషి రామతులసి, అంట్ల మీద నీళ్ళు పోస్తూ. "నాకేం తెలుసండీ, నేను రెండిళ్ళలోనూ గిన్నెలు తోముతాను గానీ కబుర్లు మొయ్యను అన్నాను."

మొయ్యని కబురు మోసేసి రామతులసి గిన్నెలు బోర్లించుకుంటోంది. ప్రసన్నలక్ష్మి మాత్రం చేతిలో ఉన్న కాఫీ గ్లాసుని అలాగే పట్టుకుని కూలబడిపోయింది. అటు ఆవిడ కొట్టాక ఇటు ఈవిడకి నవ్వు... అంటే... అంటే ఆ 'ఉప్పుగాలి'...!

నిడదవోలు బజారులో వాళ్ళ ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు తెలియనివాళ్ళుండరు. ప్రసన్నలక్ష్మి భర్త జోగేశ్వరరావు, ఆయన తమ్ముడు సత్యప్రసాద్ ఇప్పటికీ ఒకే కొట్లో, ఒకే గల్లాపెట్టె వెనక కూర్చుంటారు. ఒకే ఫ్లాస్కులో కాఫీ పోసుకుంటారు. ఇంటికొచ్చేసరికి మాత్రం ఇటొకరు, అటొకరు! "ఆడవాళ్ళకి పడటం లేదండీ, ఏం చేస్తాం" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పి, మేస్త్రీని పిలిచి, వంటింటి దగ్గర్నుంచి పెరటి చివరిదాకా గోడ లేపించారు. నూతిని రెండు చెయ్యడం కుదరక గోడని అటుపక్కా ఇటుపక్కా నూతి ఒరకి ఆనించి ఊరుకున్నారు. అత్తగారు నాటిన నందివర్ధనం చెట్టు అటు పోయింది. కొమ్మలు మాత్రం ఇటు వాలాయి. వీధి అరుగుకి గోడ రాలేదు. సెలవునాడు అన్నదమ్ములు పేపరు చదువుకునేది అక్కడ కదా మరి!

పడకపోవడం అంటే ఏమిటో ప్రసన్నలక్ష్మికి తెలుసు. మూడేళ్ళ కిందట తోడికోడలు మీనాకుమారి అన్నగారి కూతురి పెళ్ళి మొగల్తూరులో. మీనా, సత్యప్రసాద్ ముందే వెళ్ళారు. ఆ సాయంత్రం అత్తగారికి ఆయాసం ఎక్కువైంది. "ప్రసాదుకి ఫోన్ చెయ్యండి, మీనాని తీసుకుని వచ్చెయ్యమనండి" అని ప్రసన్నలక్ష్మి మొగుడి వెంటపడింది. ఆయన చేశాడు. "తాళి కట్టడం అవగానే బయల్దేరతాం, అప్పటిదాకా మీనాకి చెప్పకు అన్నయ్యా, వాళ్ళ వాళ్ళముందు బావుండదు" అన్నాడట తమ్ముడు. తెల్లారేలోపు అత్తగారు కన్నుమూసింది!

మర్నాడు కారు దిగుతూనే మీనాకుమారి గుండెలు బాదుకుంది. "నన్ను కన్నకూతురిలా చూసుకున్న మనిషి అక్కా! ఒక్క ఫోన్ చెయ్యడానికి నీకు చేతులు రాలేదా! నువ్వొక్కదానివే సేవ చేశావనిపించుకోవాలనా!" అని అంతమందిలో అనేసింది. ప్రసన్నలక్ష్మి మొగుడివంక చూసింది. ఆయన తలొంచుకున్నాడు. మరిది వంక చూసింది. అతను శవం కాళ్ళదగ్గర కూలబడి ఏడుస్తున్నాడు. ఆ రాత్రి జోగేశ్వరరావు చేతులు పట్టుకుని, "నువ్వు నోరు విప్పితే వాడి కాపురం ఏమవుతుందో ఆలోచించు ప్రసన్నా..." అన్నాడు. ఆలోచించింది. మీనాకుమారి సంగతి ఆవిడకి బాగా తెలుసు. ప్రాణమైనా ఇస్తుంది గానీ మోసాన్ని మరిచిపోదు. మొగుణ్ణి ద్వేషిస్తూ బతకడం కంటే, తోడికోడల్ని ద్వేషిస్తూ బతకడమే ఆ పిల్లకి తేలిక కదా... అనుకుంది. ఊరుకుంది. ఊరుకున్నందుకు గోడ లేచింది!

కూతురు తేజస్వి కాకినాడలో ఉద్యోగంలో చేరాక ఇల్లు మరీ బోసిపోయింది. "అమ్మా, ఊరికే ఏడుస్తూ సీరియళ్ళు చూడకు. ఇదిగో, ఈ ఆట ఆడు" అని ఫోన్లో ఒక సాహసాల ఆట పెట్టి, అలాంటి ఆటలు ఆడే తెలుగు ఆడవాళ్ళ గుంపులోకి కూడా చేర్చి వెళ్ళింది. అక్కడ సొంత పేర్లుండవు. ఎవరికి తోచిన పేరు వాళ్ళది. తేజస్వి తల్లికి 'పెరటిపిల్లి' అని పెట్టింది.

ఆటలో ఓ పాడుపడ్డ పెద్ద మేడ. అందులో మనం ఒక్కళ్ళమే. గది గదికీ తిరుగుతూ, సొరుగులు లాగుతూ, తాళాలు వెతుకుతూ ఆ ఇంటివాళ్ళకేమైందో కనిపెట్టాలి. మొదటివారం ఆడాక ప్రసన్నలక్ష్మి భయం భయంగా గుంపులో రాసింది. "ఈ ఆటలో నాకు నచ్చిందేంటంటే, ఎవరూ తరమరు. కాఫీ పెట్టమని పిలవరు. కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడ్డా, ఎందుకు నిలబడ్డావని అడిగే దిక్కులేదు. నిన్నంతా సముద్రం చూస్తూ నిలబడ్డాను, తలుపు మాటే మర్చిపోయాను."

దానికి మొట్టమొదట బదులిచ్చింది 'ఉప్పుగాలి'. "నేనైతే తిన్నగా వంటింట్లోకి వెళ్ళానండి. బీరువా తాళం బియ్యం డబ్బాలో ఉంటుందని వెతికాను. ఆ ఆట తయారుచేసినాయన పొయ్యిగొట్టంలో పెట్టాడు! ఇంట్లో ఆడాళ్ళని ఒక్కమాట అడిగి చావచ్చుగా!"

ప్రసన్నలక్ష్మి పగలబడి నవ్వింది. ఎన్నాళ్ళకి నవ్వింది! ఆరోజు నుంచి అదే కాలక్షేపం. ఏ గదిలో ఏం చూశావు, ఏం అనిపించింది, ఆ గోడమీది బొమ్మ చూస్తే నీకూ భయమేసిందా... ఉప్పుగాలి ఎవరో తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. పేరులేని స్నేహం ఎంత హాయి!

ఇప్పుడు రత్నమాణిక్యం గారి వడియాల పుణ్యమా అని అనుమానం పుట్టింది. వసారాలో కూర్చుని గుంపు తెరిచింది.

నాలుగురోజులుగా ఆవిడ ఆట ఒక్కచోటే ఆగిపోయి ఉంది. నడవా చివర ఓ దీపం. అది ఆరితేగానీ ఆఖరి గది తలుపు తెరుచుకోదు. ఫోన్ దగ్గర పెట్టుకుని నోటితో ఉఫ్‌మని ఊదాలట! ప్రసన్నలక్ష్మి ఊదలేకపోయింది. నోటితో దీపం ఆర్పడమా! "ఇంకో దారేమైనా ఉందా?" అని ముందురోజు గుంపులో అడిగితే అందరూ నవ్విన బొమ్మలు పెట్టారు. ఉప్పుగాలి మాత్రం ఈ మధ్యాహ్నం ఇలా రాసింది.

"నవ్వకండి, నేనూ అంతే. ముందు వాకిట్లో కుండీలోంచి తెల్లపువ్వు కోశాను. వంటింట్లో పాలగిన్నెలో ముంచి దీపం మీద పెట్టబోయాను. ఆట ఒప్పుకోలేదు. పాలలో ముంచిన నందివర్ధనంతోనే దీపం కొండెక్కించాలని మా అత్తగారి పట్టు. ఆవిడ పద్ధతి ఈ ఆటవాళ్ళకేం తెలుస్తుంది, పాపం..."

అక్షరాలు అలుక్కుపోయాయి. పువ్వుతో దీపం కొండెక్కించేవాళ్ళు ఊరినిండా ఉంటారు. పాలలో ముంచి, అదీ నందివర్ధనంతో... ఆ పట్టు ఈ ఇంట్లో ఒక్కరిదే! గోడకి అవతల గాజులు గలగలమన్నాయి. పిలిస్తే వినపడేంత దూరం. "మీనా..." అని పెదవులదాకా వచ్చింది. మింగేసింది. తెలిస్తే ఆ పిల్ల ఇక రాయదేమో! మనిషిగా ఒకసారి పోగొట్టుకుంది. పేరులేని స్నేహితురాలిగా కూడా పోగొట్టుకోవాలా... దేవుడా!

మర్నాడు ఉప్పుగాలి మళ్ళీ రాసింది. ఈసారి హాస్యం లేదు.

"కళ్ళు మూసుకుని ఊదేశానండి. తలుపు తెరుచుకుంది. లోపల మంచం కోడు కనిపించింది, పక్కన మందుసీసా. జబ్బుమనిషి గది. వెనక్కి వచ్చేశాను. నావల్ల కాదు. నేను లేనప్పుడు మా ఇంట్లో ఒకావిడ ఇలాంటి గదిలోనే పోయింది. ఆట అయినా సరే, ఆ గుమ్మం దాటలేను. పెరటిపిల్లి గారూ, మీరు ముందు వెళ్ళిరండి. లోపల ఏముందో చెప్పండి. మీరు చెబితే నమ్ముతాను."

మీరు చెబితే నమ్ముతాను! మూడేళ్ళుగా తన మాట వినని మనిషి అంటున్న మాట... ప్రసన్నలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, మొహం కడుక్కుని, ఆట తెరిచింది. దీపానికి దణ్ణం పెట్టి ఊదింది. లోపలికి వెళ్ళి, గదంతా చూసి, బయటికొచ్చి రాయడం మొదలుపెట్టింది.

"వెళ్ళొచ్చాను. భయపడేదేం లేదు. మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడతపెట్టి ఉంది. కిటికీ తెరిచి ఉంది, దూరంగా సముద్రం. అంతే..."

అంతే అని ఆపేయొచ్చు. కానీ వేళ్ళు ఆగలేదు. ఆ గదిలో లేనిది కూడా రాసింది. తను చూసిన ఇంకో గదిలోది.

"మా ఇంట్లోనూ ఒకావిడ అలాగే వెళ్ళింది. బాధపడలేదు. ఆఖరిమాట కూడా తిట్టూ శాపనార్థమూ కాదు. 'చిన్నది వస్తోంది, దేవుడి దగ్గర దీపం కొండెక్కించకు. చీకట్లో గుమ్మం తన్నుకుంటుంది' అంది. తెల్లారి ఎండొచ్చినా ఆ దీపాన్ని నేను కొండెక్కించలేదు. చిన్నది వచ్చేదాకా."

పంపించి ఫోన్ బోర్లించేసింది. ఆ సాయంత్రం మొగల్తూరుకి చేసిన ఫోన్ సంగతి ఎత్తలేదు. మరిది పేరు ఎత్తలేదు. అది తన ప్రాణం పోయినా ఎత్తదు. కానీ ఆ ఆఖరి మాట మీనాది. ఎవరి సొమ్ము వాళ్ళకి అప్పజెప్పాలి కదా!

గుంపులో బదులు రాలేదు. గోడవతల గాజుల చప్పుడూ లేదు.

కొట్టుకి సెలవునాడు పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ అరుగుమీద పేపరు పంచుకుని చదువుతున్నారు. ప్రసన్నలక్ష్మి కాఫీలు తెచ్చేసరికి, అవతలి గుమ్మంలోంచి మీనాకుమారి బయటికొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. చేతిలో గిన్నె, గిన్నెలో పాలు, పాలమీద తేలుతూ నందివర్ధనం పువ్వు.

"పెరటిపిల్లి గారూ..." అంది. "అక్కా!"

కాఫీ పళ్ళెం ఎక్కడ పెట్టిందో ప్రసన్నలక్ష్మికి తెలియలేదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని అక్కడే కూలబడిపోయారు. పాలు అరుగంతా ఒలికాయి.

"ఆవిడ నాకోసం దీపం ఉంచమందా అక్కా... నువ్వు ఉంచావా..."

"ఉంచానే తల్లీ. నువ్వు వచ్చి, ఏడ్చి, పడిపోయాక గానీ దాని దగ్గరికి వెళ్ళలేదు."

మీనాకుమారి కళ్ళు తుడుచుకుంది. చాలాసేపు తోడికోడలి మొహంలోకి చూసింది. ఆటలో ఓ సొరుగు తెరుచుకోకపోతే, గదిలో ఏ వస్తువు లేదో వెతికే చూపది.

"రాత్రంతా ఆలోచించానక్కా. 'చిన్నది వస్తోంది' అందట అత్తయ్య. నేను వస్తున్నానని మంచంలో ఉన్న ఆవిడకెవరు చెప్పారు? నువ్వే చెప్పి ఉంటావు. నీకెలా తెలుసు? మొగల్తూరు కబురు వెళ్ళింది. నాదాకా రాలేదు. ఎవరి దగ్గర ఆగింది?"

"ఇప్పుడవన్నీ ఎందుకే..." అంది ప్రసన్నలక్ష్మి కంగారుగా. "నా పొరపాటే అనుకో, అయిపోయింది కదా!"

"నువ్వు మాట్లాడకు. మూడేళ్ళు మాట్లాడలేదుగా, ఇంకో నిమిషం ఊరుకో." మీనాకుమారి లేచి బావగారి వంక తిరిగింది. జోగేశ్వరరావు తమ్ముడి వంక చూశాడు. ఆ ఒక్కచూపు చాలింది.

సత్యప్రసాద్ చేతిలో పేపరు కింద పెట్టాడు. "పీటల మీద పెళ్ళి... మీ వాళ్ళంతా అక్కడే... తాళి కట్టగానే బయల్దేరదామనుకున్నాను మీనా. అమ్మ అంత తొందరపడుతుందని..." వదిన వంక చూడలేక మొహం తిప్పుకున్నాడు.

"అంటే, అక్కకి అన్నీ తెలుసు!" మీనాకుమారి గొంతు కీచుమంది. "తెలిసీ, నాచేత అన్ని మాటలూ పడింది! నేను కాల్చుకు తిన్నాను... అక్క మొహం చూడలేదు, గుమ్మం తొక్కలేదు... నా కాపురం చల్లగా ఉండాలని..." అంటూ తోడికోడలి కాళ్ళమీద పడబోయింది. ప్రసన్నలక్ష్మి మధ్యలోనే పట్టుకుంది.

"లే, పిచ్చిదానా! కాళ్ళమీద పడితే ఆటలో ఏం దొరుకుతుందే? లే."

ఏడుపులోనే నవ్వొచ్చింది ఇద్దరికీ.

ఆ నవ్వు వినగానే జోగేశ్వరరావుకి ప్రాణం లేచొచ్చింది. గొంతు సవరించుకున్నాడు. "పోన్లెండి, అయిందేదో అయింది. వాడూ కావాలని చెయ్యలేదు కదా. ఎంతైనా ఇంట్లోవాళ్ళం... రేపే మేస్త్రీని పిలిచి ఆ గోడ కొట్టించేస్తాను. ఆడవాళ్ళకి మళ్ళీ పడిందంటే నలుగురూ సంతోషిస్తారు!"

మేడ మీద రత్నమాణిక్యం గారు వడియాల గుడ్డ పరవడం ఆపి, పిట్టగోడ మీదకి వంగారు.

ప్రసన్నలక్ష్మి ఒలికిన పాలలోంచి పువ్వుని ఏరి, చెంగుతో తుడిచి, మీనాకుమారి చేతిలో పెట్టింది. పెళ్ళై ఇన్నేళ్ళలో మొగుడి మాటకి ఎదురు చెప్పి ఎరగదు. ఆయన వంక తిన్నగా చూస్తూ అంది.

"కట్టించినప్పుడు మా పేరు చెప్పి కట్టించారు. కొట్టించేటప్పుడు మీ పేర్లు చెప్పి కొట్టించండి."