సమ్మెటలు పోయాయి, ఊతలు మిగిలాయి

ఇంగ్లండులోని ఓల్డమ్ ఊరిని వాన పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. డిటెక్టివ్ ఆఫీసులో తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తోచక ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది ఈనిడ్ హోల్రాయిడ్.

"నేను దొంగనట. పక్కింటి కాలమ్ వీధంతా చెప్తున్నాడు. ఇంకోసారి సామాను పోతే పోలీసులొస్తారట. ఈ వయసులో ఆ మాట పడి ఎలా బతకను?"

డిటెక్టివ్ మిస్ థాక్రే మోకాళ్లు నిమురుకుంటూ నిట్టూర్చింది. ఆమె ఎంత అలసిపోయి కనిపిస్తే బుర్ర అంత చురుగ్గా పనిచేస్తుందని సహాయకుడు డెస్మండ్ నమ్మకం.

సంగతి చిన్నదే. రెండిళ్లు, మధ్యన ఒకటే గోడ, పైన ఒకటే పొగగొట్టం. పుట్టబోయే బిడ్డ ఉయ్యాలకి చోటు కావాలని కాలమ్ తన వైపు గదుల్లోకి పొడుచుకొచ్చిన పొగగొట్టం ఇటుక దిమ్మెని తీయించాలనుకున్నాడు. పనివాళ్లు వచ్చిన రెండుసార్లూ అతని పెరటి షెడ్డులో సామాను మాయమైంది. షెడ్డు రెండో తాళంచెవి ఈనిడ్ వంటింటి కొక్కేనికి ఉంటుంది.

"ఏమేం పోయాయి?" అని మిస్ థాక్రే కాలమ్‌ని అడిగింది.

"సమ్మెటలు, ఉలులు, గునపం. అన్నిటికన్నా ఖరీదైన, పైబరువుకి దన్నుగా నిలబెట్టే ఇనుప ఊతలు మాత్రం ముట్టుకోలేదు."

"బరువని వదిలేసుంటాడు," అన్నాడు డెస్మండ్.

"సమ్మెట దూదితో చేస్తారా నాయనా?" అందామె. తర్వాత ప్లాను చూసి, "ఆవిడ వైపు కొలిచారా?" అంది.

"కొలవనిస్తేగా? ఆవిడ తమ్ముడు స్టాన్లీ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. బూట్లతో తివాచీ పాడవుతుందట. మాకున్నట్టే వాళ్లకీ దిమ్మె ఉంటుందని ప్లాను గీసేశారు."

ఈనిడ్ ముందుగదిలో ఉమ్మడి గోడ ఈ చివర్నుంచి ఆ చివరికి చదునుగా ఉంది. పై పడకగదిలో అదే గోడలోంచి ఇటుక దిమ్మె ముందుకు పొడుచుకొచ్చింది. తివాచీ మీద మంచం కోళ్ల గుర్తులున్నాయి గాని మంచం లేదు.

"నా మంచం స్టాన్లీ మొన్ననే వెనకగదిలోకి మార్చాడు. ఇక్కడ గోడకి చెమ్మ పట్టిందట," అంది ఈనిడ్.

డెస్మండ్ గోడ మీద అరచెయ్యి ఆనించి చూశాడు. పొడిగా ఉంది.

కింద స్టాన్లీ నడవలో నిలబడి టీ తాగుతున్నాడు. ఒకప్పుడు తాపీమేస్త్రీ. ముందుగదిలోకి రమ్మంటే గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కాలమ్ కూడా వచ్చాక మిస్ థాక్రే మొదలుపెట్టింది.

"తాళంచెవి కొక్కేనికి ఉంది కనక ఈ ఇంటికి వచ్చిపోయే వాళ్లెవరైనా తీయొచ్చు. ఈ దొంగ డబ్బుకి ఆశపడలేదు. పగలగొట్టేవి పట్టుకెళ్లి, మోసేవి వదిలాడు. పైగదిలో ఉన్న దిమ్మె కిందగదిలో లేదు. అంటే ఎవరో కింద సగం తీసేసి, పై సగానికి ఆధారం పెట్టడం మరిచారు. ఇన్నాళ్లూ ఆ బరువు మోస్తున్నది పక్కింటి సగమే. అదీ తీస్తే మొత్తం ఇక్కడికే వస్తుంది. స్టాన్లీ గారూ, మంచం మార్చింది చెమ్మ వల్ల కాదు కదూ?"

అందరూ పైకి చూశారు. స్టాన్లీ ఒక్కడే చూడలేదు.

"మరవలేదు," అన్నాడు. "జబ్బుపడ్డ బావ మంచం దిమ్మె అడ్డమొచ్చి ఈ గదిలో పట్టలేదు. వీధి చూస్తూ కన్నుమూస్తానన్నాడని ఒక్కరోజులో తీసేశాను. మళ్లొచ్చి ఇనుప దూలం పెడదామనుకున్నా. ఈలోపు ఆయన పోయాడు. దినాలవగానే అక్క గోడకి పూల కాగితం అంటించేసింది. చింపుతానని ఎలా చెప్పను? ఇవాళ, రేపు అంటూ ఏళ్లు గడిచిపోయాయి. ఆ సామానంతా మా ఇంట్లోనే ఉంది."

"నా మీద దొంగతనం పడుతుంటే కూడా నోరు రాలేదా?" అంది ఈనిడ్.

"నిందైతే చెరుగుతుందక్కా. ఇల్లు మీద పడితే..." అన్నాడు స్టాన్లీ.

కాలమ్ తలొంచుకుని, "ఊతలు తెస్తాను. ముందు మీ ఇంట్లోనే నిలబెడదాం," అని బయటికి నడిచాడు.

ఈనిడ్ తమ్ముడి చేతిలోని కప్పు తీసుకుంది. గోడ పక్కన, ఆ బరువుకి సరిగ్గా కింద, రోజూ తను కూర్చునే కుర్చీ దగ్గర పెట్టింది.

"కూర్చో. కాలమ్ వచ్చేదాకా. ఇన్నేళ్లూ నేను కూర్చున్నాగా."

స్టాన్లీ వెళ్లి కూర్చున్నాడు. కప్పు అందుకుని, తొలిసారి పైకి చూశాడు. ఈనిడ్ కాసేపు చూసి, ఇంకో కుర్చీ లాక్కుని అతని పక్కనే కూర్చుంది.